పారిజాతం గైర్హాజరు

మా ఊరి మునిసిపల్ పార్కును ఇకనుంచి ఉదయం పది గంటలకు తెరిచి సాయంత్రం ఐదింటికి మూసేస్తారని గేటుకు కాగితం అంటించినప్పుడు, అచ్చుతప్పు పడిందనుకున్నాం. ఐదు నుంచి పది అని ఉండాల్సింది తారుమారై ఉంటుందని, రోజూ వేకువన నడకకు వచ్చేవాళ్ళమంతా గేటు ముందు కాసేపు నిలబడ్డాం. గేటు తెరుచుకోలేదు. అచ్చు సరిగ్గానే ఉందని అప్పుడు తెలిసింది.

కొత్తగా వచ్చిన కమిషనర్ దివాకరం గారు ఏకరూపత మనిషి. లంచం ముట్టరు, సెలవు పెట్టరు, కాఫీ కూడా ఇంటినుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. ఒకే పురపాలక సంఘం కింద పనిచేసే విభాగాలు తలో వేళకు తెరుచుకోవడం ఆయనకు అరాచకంగా కనిపించింది. అందుకని గ్రంథాలయం, చెత్త యార్డు, ఈతకొలను, పార్కు, అన్నిటికీ ఆఫీసు వేళలే పెట్టారు. శ్మశానానికి కూడా పెట్టారు. అక్కడి కాపలాదారుకు ఏవో అనుమానాలు వస్తే లిఖితపూర్వకంగా అడగమన్నారు.

మేం పార్కు గోడ బయట, మురిక్కాలవ పక్కన నడవడం మొదలుపెట్టాం. గోడకు అవతల పక్షులు అరుస్తూంటే, ఇవతల మేము కుక్కల్ని అదిలించుకుంటూ తిరిగేవాళ్ళం. పదింటికి గేటు తెరిచేసరికి ఎండ మాడు మీదికి వచ్చేది. ఆ ఎండకు ఓర్చుకుని లోపలికి వెళ్ళేది కాలేజీ ఎగ్గొట్టిన జంటలు, పేకాట బృందం.

పార్కు బాధ్యత సూపరింటెండెంటు కలిదిండి నరసరాజు గారిది. మెత్తటి మనిషి. ఎవరైనా గొంతు పెంచితే, తప్పు తనలోనే ఉందేమోనని ముందు చొక్కా బొత్తాలు తడుముకునే రకం. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాలవ వైపు గోడ వెంట ఆయన పారిజాతం మొక్కలు వరసగా నాటించారు. ఇప్పుడవి గోడను మించి ఎదిగాయి. దసరా వెళ్ళిందంటే చాలు, ఆ గోడ బారునా తెల్లవారేసరికి నేల కనిపించకుండా పూలు రాలి ఉండేవి. ఆ పూలు ఏరుకోవడానికి వచ్చే ఆడవాళ్ళకూ, చూస్తూ నిలబడే మాబోటి వాళ్ళకూ ఆయన ఎన్నడూ అడ్డు చెప్పలేదు.

ఉత్తర్వు వచ్చిన కొద్ది రోజులకే దివాకరం గారు పార్కు తనిఖీకి వచ్చారు. పదకొండు గంటల వేళ. వెనక నరసరాజు గారు, గొడుగు పట్టుకున్న బంట్రోతు.

గేటు పక్కన మందారాలు విరగబూసి ఉన్నాయి. కమిషనర్ గారు ఆగారు.

"ఇవి రెగ్యులరేనా?"

"రోజూ పూస్తాయండి."

"గుడ్. ఇవి?"

"నందివర్ధనం అండి. అవతల ఎర్రగా ఉన్నవి నూరువరహాలు. ఆ కిందవి బిళ్ళగన్నేరు. ఒకసారి వేస్తే ఏళ్ళతరబడి అవే పూస్తుంటాయండి."

దివాకరం గారు తృప్తిగా తలాడించారు. ఇంతలో ఒక తేనెపిట్ట వచ్చి మందారం కొమ్మకు తలకిందులుగా వేలాడి పువ్వులో ముక్కు పెట్టింది.

"ఇది మన స్టాఫేనా?"

"పక్షి అండి. దానంతటదే వస్తుంది."

"నియామకం లేకుండా పని చేయించుకుంటున్నారా? రేపు అది పర్మనెంటు చేయమని అడిగితే ఎవరు జవాబుదారీ?"

నరసరాజు గారు బొత్తాలు తడుముకున్నారు. అక్కడినుంచి తనిఖీ దారి తప్పింది. పెద్ద చెట్టు తొర్రలో గుడ్లగూబ కళ్ళు మూసుకుని కూర్చుంది. డ్యూటీ వేళలో నిద్ర అని కమిషనర్ గారు రాసుకున్నారు. ఆ చెట్టు పేరేమిటని అడిగారు. నిద్రగన్నేరని చెప్పక తప్పలేదు. ఆయన ఆ చెట్టును పైనుంచి కింది దాకా చూసి, "సిబ్బందికి ఇలాంటి పేరు మంచి సంకేతం కాదు, మార్చండి" అన్నారు. కోకిల గురించి అడిగితే, అది వేసవి ముందు తప్ప కూయదనీ, గుడ్లు మాత్రం కాకి గూట్లో పెడుతుందనీ నరసరాజు గారు నిజం చెప్పేశారు.

"అంటే తన పనిని బయటివాళ్ళకి అప్పగిస్తోంది. టెండర్ పిలిచిందా?"

"లేదండి."

అలా కాలవ వైపు గోడ దగ్గరికి వచ్చారు. పారిజాతాలు ఒట్టి ఆకులతో నిలబడి ఉన్నాయి. వాటి కింద చంద్రకాంత మొక్కలు, పువ్వులన్నీ ముడుచుకుని.

"ఇక్కడ పువ్వులేవి?"

"పారిజాతం రాత్రి పూసి తెల్లారేసరికి రాల్చేస్తుందండి. చంద్రకాంత సాయంత్రం పొద్దువాలాక విచ్చుకుంటుంది."

దివాకరం గారు రెండు రకాల మొక్కలనూ మార్చి మార్చి చూశారు. తర్వాత మెల్లగా అన్నారు. "ఒకరు మనం రాకముందే వెళ్ళిపోతారు. ఇంకొకరు మనం వెళ్ళాక వస్తారు. ఆఫీసు టైము ఒక్కటీ వదిలేసి మిగతా అన్ని టైముల్లోనూ పనిచేస్తున్నారు. నీళ్ళు మాత్రం ఎప్పుడు తాగుతున్నారు?"

"పొద్దున్నేనండి. బుల్లెమ్మ పోస్తుంది."

"బుల్లెమ్మ ఎవరు?"

బుల్లెమ్మ పార్కులో మాలి పనిచేసే కాంట్రాక్టు మనిషి. చీకటితో వచ్చి, తోటంతా ఊడ్చి, నీళ్ళు కట్టి, ఎండెక్కేలోగా పని ముగించి వెళ్ళిపోతుంది. కొత్త ఉత్తర్వు వచ్చాక పెద్ద గేటు మూసి ఉంటుంది గనక, పంపుసెట్టు పక్కనున్న చిన్న తలుపులోంచి వస్తోంది. హాజరు మిషను పదింటికి గాని పనిచేయదు. దాని లెక్కలో బుల్లెమ్మ కొత్త ఉత్తర్వు నాటినుంచి ఒక్కరోజు కూడా పనికి రాలేదు.

"పదింటికి ఒకసారి వచ్చి మిషనుకు మొహం చూపించి పోరాదూ" అని నరసరాజు గారు అంతకుముందే ఆమెను బతిమాలారు.

"పదింటికి మెస్సులో గిన్నెలు తోముతానండి. మొహం ఇక్కడెట్టి చేతులు అక్కడెట్టమంటారా, రాజుగారూ" అంది బుల్లెమ్మ.

మర్నాడు ఆఫీసు నుంచి మెమోలు వచ్చాయి. పారిజాతానికి ఒకటి, చంద్రకాంతకు ఒకటి, గోడ చివర పూత లేకుండా పెరిగిన కాగితంపూల తీగకు ఒకటి, బుల్లెమ్మకు ఒకటి. నాలుగింటిలోనూ మాటలు ఒకటే. "విధి నిర్వహణ వేళల్లో అనుమతి లేకుండా గైర్హాజరవుతూ, సంఘం వనరులను అనుభవిస్తున్నందున, మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకోరాదో సంజాయిషీ ఇవ్వవలసిందిగా ఇందుమూలంగా ఆదేశించడమైనది." స్వీకరించడానికి నిరాకరించేవారి విషయంలో, వారు నివసించే చోట అంటించాలని అడుగున రాసి ఉంది.

మర్నాటి వేకువనే నరసరాజు గారు చిన్న తలుపులోంచి వెళ్ళి పారిజాతం మొదలుకు కాగితం అంటించారు. బుల్లెమ్మ జిగురు డబ్బా పట్టుకుంది.

"ఏం రాసేరండి ఇందులో?"

"ఇకనుంచి పది దాటాక పూయమని."

"కాయితం అంటిస్తే దానికేం తెలుత్తాది. సదివి ఇనిపించండి."

నరసరాజు గారు చుట్టూ చూశారు. గోడకు ఆవలినుంచి మేము చూస్తున్న సంగతి ఆయన గమనించలేదు. గొంతు సవరించుకుని, మెమో మొదటినుంచి చివరిదాకా చెట్టుకు చదివి వినిపించారు. బుల్లెమ్మ చెట్టు తరఫున శ్రద్ధగా విని, "ఇంక నాది కూడా సదివెయ్యండి, ఒక పనైపోద్ది" అంది.

సంజాయిషీలు రాలేదు. అప్పుడు 'హాజరుకు తగ్గ నీరు' అనే పథకం పుట్టింది. ఆఫీసు వేళల్లో పూసిన మొక్కకే నీళ్ళు. పూయనిదానికి బందు. ఆదర్శంగా పూస్తున్న మందారానికి ప్రోత్సాహకంగా రెట్టింపు నీళ్ళు, పైగా యూరియా. దాని కొమ్మకు 'ఉత్తమ పుష్పం' అని అట్టముక్క కూడా వేలాడదీశారు.

ఆ ఏడు వానలు ముందే వెనక్కి తగ్గాయి. పథకం ఫలితాలు త్వరగానే కనిపించాయి. రోజూ నీళ్ళు తాగి తాగి ఆకులు తప్ప పువ్వెరగని కాగితంపూల తీగ, నీళ్ళు ఆపేసరికి గోడంతా గులాబీరంగు పులుముకుని పూసింది. ఆ జాతి గుణమే అంత, వేళ్ళు ఆరితేగాని పూత పట్టదు. నరసరాజు గారు ఆ మాట చెప్పబోయారు గాని, అప్పటికే దివాకరం గారు తీగ పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటున్నారు.

"చూశారా నరసరాజు గారూ. క్రమశిక్షణకు స్పందించని జీవి లేదు."

మందారం సంగతి వేరుగా నడిచింది. మొదలు దగ్గర నీరు నిలిచి, యూరియా ఘాటుకు ఆకులు పసుపెక్కి, మొగ్గలు విడవకుండానే రాలి, అట్టముక్క మెళ్ళో ఉండగానే అది ఎండిపోయింది. దీనిమీద కమిషనర్ గారు నివేదిక తెప్పించుకుని ఒక నిర్ణయానికి వచ్చారు. నీళ్ళిచ్చిన మొక్క చచ్చింది, ఆపిన మొక్క పూసింది. కాబట్టి పార్కు మొత్తానికి నీళ్ళు ఆపాలి.

వారం తిరిగేసరికి నందివర్ధనాలు తలలు వేలాడేశాయి. గడ్డి కరకరలాడింది. తొట్టి ఎండిపోయిందని గోరింకలు, పికిలిపిట్టలు పక్కనున్న రైసుమిల్లుకు మారిపోయాయి. వాటిని 'విధులు విడిచి పరారైనవి'గా చూపించారు. తేనెపిట్ట రావడం మానేసింది. అది ఎలాగూ నియామకం లేనిదే గనక దానిమీద చర్య తీసుకోలేకపోయారు.

పారిజాతం మాత్రం వేళ మార్చుకోలేదు. పూత పలచబడినా, రాత్రే పూసింది, తెల్లవారుతూనే రాల్చింది. బుల్లెమ్మ కూడా వేళ మార్చుకోలేదు. జీతం ఆగిపోయినా చీకటితోనే వచ్చి, రాలిన పూలు పక్కకు తీసి ఎండుటాకులు ఊడ్చేది. మెస్సులో వాడిన నీళ్ళు బిందెతో మోసుకొచ్చి పారిజాతం మొదళ్ళలో పోసేది.

"నీకు జీతమే రావట్లేదు, ఎందుకే ఈ మోత" అని నరసరాజు గారు అడిగారు.

"దానికీ రావట్లేదు కదండి" అంది.

చివరి ఉత్తర్వు వచ్చింది. పారిజాతాలను, చంద్రకాంతలను వేళ్ళతో సహా పెకలించి, వాటి స్థానంలో కాగితంపూల తీగలు నాటవలెను. బుల్లెమ్మను విధుల నుంచి తొలగించడమైనది. పార్కు సూపరింటెండెంటు స్వయంగా దగ్గరుండి అమలు జరిపించవలెను.

నరసరాజు గారు ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళారు. అన్నం కలుపుకుని తినకుండా కూర్చున్నారు. ఆయన భార్య సీతాయమ్మ గారు మాలో పక్కింటివాళ్ళతో తర్వాత చెప్పారు. "ముప్ఫై ఏళ్ళ కాపరంలో ఆయన ఒకరిమీద గట్టిగా అరవడం నేను చూడలేదండి. ఆ పూట పెరుగు గిన్నె మీద అరిచేరు."

అరిచాక ఆయనకు కొంచెం తేలికైనట్టుంది. అప్పుడొక సంగతి గుర్తొచ్చింది. వెనకటి కమిషనర్ హయాంలో ఒక బిల్లు కలెక్టరును పనిలోంచి తీసేస్తే, అతని వాదన ఎదురుగా కూర్చోబెట్టి వినలేదన్న ఒక్క కారణంగా కోర్టు మళ్ళీ పనిలోకి తీసుకోమంది. నరసరాజు గారు పెరుగు వేసుకుని అన్నం పూర్తిచేశారు.

మర్నాడు ఉదయం ఆయన కమిషనర్ గారి గదిలో నిలబడ్డారు.

"పెకలించారా?" అన్నారు దివాకరం గారు.

"ఒక చిన్న సందేహమండి. తొలగించే ముందు నిందితుల వాదన స్వయంగా వినాలి కదండి. రూలు అదే కదా?"

దివాకరం గారు పెన్ను కింద పెట్టారు. రూలు అన్న మాట విన్నప్పుడు ఆయన మొహం ఒక రకంగా వెలిగేది. బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసి, పేజీలు తిప్పి, వేలు పెట్టి చదువుకున్నారు.

"అవును. వినాలి."

"వాళ్ళ ఎదురుగానేనా అండి?"

"ఎదురుగానే. లేకపోతే చెల్లదు." ఆయన తల ఎత్తారు. "ఈ లోపం నేను గమనించాల్సింది. రేపు పదిన్నరకి పెట్టండి."

"పదిన్నరకి వాళ్ళు రారండి. వాళ్ళ మీద కేసే అది."

నరసరాజు గారి చెయ్యి బొత్తాల వైపు వెళ్ళింది గాని, ఈసారి దాన్ని వెనక్కి తీసుకున్నారు.

"ఎప్పుడొస్తారు?" అని అడిగారు కమిషనర్ గారు.

"తెల్లవారుజామునండి."

దివాకరం గారు పుస్తకంలో ఆ పేజీ మళ్ళీ ఒకసారి చదువుకున్నారు. రూలును దాటిపోవడం ఆయనకు చేతకాదు. అది ఆయన బలహీనతో బలమో మాకు ఇప్పటికీ తేలలేదు.

"నోటీసు తయారు చేయండి" అన్నారు.

విచారణ రోజున పెద్ద గేటు చీకటితోనే తెరిచారు. విచారణ బహిరంగంగా జరగాలని రూలులో ఉండటంతో మమ్మల్ని ఎవరూ ఆపలేదు. నడకవాళ్ళు, పూలు ఏరుకునే ఆడవాళ్ళు, యోగా బృందం, అందరం లోపలికి వచ్చేశాం. దివాకరం గారు మఫ్లరు చుట్టుకుని, పారిజాతం కింద వేసిన బల్ల ముందు కూర్చున్నారు. రాత్రంతా విచ్చుకున్న చంద్రకాంతలు ఇంకా ముడుచుకోలేదు. పక్కన గుమాస్తా ఆవలింతలు మింగుతున్నాడు.

తూర్పు తెల్లబడుతూండగా కమిషనర్ గారు అభియోగం చదవడం మొదలుపెట్టారు. "విధి నిర్వహణ వేళల్లో అనుమతి లేకుండా..." అనగానే కాగితం మీద ఒక పువ్వు రాలింది. ఆయన దాన్ని పక్కకు జరిపి కొనసాగించారు. ఇంకొకటి రాలింది. తర్వాత నాలుగైదు ఒక్కసారే రాలాయి. మఫ్లరు మీద, బల్ల మీద, గుమాస్తా తల మీద, తెల్లటి రేకలు, నారింజరంగు కాడలు, చప్పుడు లేకుండా దిగుతూనే ఉన్నాయి. కొంతసేపటికి అభియోగంలో చదవడానికి అక్షరం కనిపించలేదు. ఆయన చదవడం ఆపారు. వాసన పీల్చినట్టున్నారు గాని, ఆ సంగతి రికార్డులోకి ఎక్కలేదు.

"హాజరు ఎంతని రాయమంటారు సార్?" అన్నాడు గుమాస్తా.

"ఇద్దరికీ పూర్తి హాజరు అని రాయండి" అన్నారు దివాకరం గారు. "మూడో నిందితురాలు?"

చీపురు చేత్తో పట్టుకునే బుల్లెమ్మ ముందుకు వచ్చింది.

"నువ్వు పనికి ఎప్పుడొస్తావు?"

"ఇదిగోండి, ఇప్పుడే."

"రోజూ?"

"రోజూనండి."

"ఎవరైనా చూశారా?"

"ఈళ్ళంతా గోడ మీంచి చూత్తానే ఉంటారండి." బుల్లెమ్మ ఆయన్ను పరీక్షగా చూసింది. "ఈ ఏళప్పుడు మిమ్మల్నే ఎన్నడూ చూళ్ళేదు బాబూ."

గుమాస్తా పెన్ను ఎత్తి, ఇది కూడా రాయాలా అన్నట్టు చూశాడు. రాయమని దివాకరం గారు చెయ్యి ఊపారు. రాసిన దాన్ని తీసుకుని ఆయనే ఒకసారి చదువుకున్నారు. తర్వాత లేచి, మా అందరినీ, చెట్లనూ, బిందె పక్కన నీళ్ళకు చేరిన రెండు గోరింకలనూ చూసుకుంటూ గేటుదాకా నడిచి వెళ్ళిపోయారు.

తీర్పు ఆ మధ్యాహ్నమే వచ్చింది. నరసరాజు గారు దాన్ని మూడుసార్లు చదివి, నాలుగోసారి మా చేత చదివించుకున్నారు. తెల్లవారుజామున పుష్పములు హాజరు, కార్మికురాలు హాజరు, పక్షులు హాజరు, ప్రజలు హాజరు అని విచారణలో నిస్సందేహంగా రుజువైనది. ఆ వేళలో గైర్హాజరైనది పురపాలక సంఘ కార్యాలయం మాత్రమే. కావున నిందితులపై అభియోగములు ఉపసంహరించి, నీటిని, నిలిపిన జీతమును పునరుద్ధరించవలెను. పార్కును తెల్లవారుజామునే తెరువవలెను.

ఇక్కడితో ఆపి ఉంటే దివాకరం గారు మామూలు అధికారి అయ్యేవారు. ఏకరూపత చెదరకూడదు గనక సంఘంలోని అన్ని విభాగాలూ అవే వేళలు పాటించవలెనని కింద ఇంకో వాక్యం ఉంది.

ఆఫీసు తెల్లవారుజామున తెరుచుకోవడం మొదలైంది. మొదటి వారం పన్నుల విభాగం మొత్తం బల్లల మీద తలలు పెట్టి నిద్రపోయింది. ఇంజనీరు గారు లుంగీతోనే వచ్చి, గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళారు. ఉద్యోగుల సంఘం నిరసన తెలపాలనుకుంది గాని, నినాదాలు ఇవ్వడానికి ఆ వేళకు ఎవరికీ గొంతు పెగల్లేదు. జనన ధ్రువపత్రం కావాల్సినవాళ్ళు పసిపిల్లల్ని దుప్పట్లో చుట్టుకుని కోడి కూతకు బయల్దేరేవారు. విచిత్రమేమిటంటే పనులు త్వరగా అయ్యాయి. ఆవలిస్తున్న మనిషికి లేనిపోని ప్రశ్నలు అడిగే ఓపిక ఉండదు, ముద్ర కొట్టి పంపేస్తాడు. శ్మశానం కాపలాదారు కొత్త అనుమానాలు రాసి పంపాడని విన్నాం.

పార్కు తేరుకుంది. నందివర్ధనాలు మళ్ళీ నిలబడ్డాయి. చచ్చిన మందారం చోట నరసరాజు గారు కొత్త కొమ్మ నాటారు, దానికి యూరియా చూపించలేదు. నీళ్ళు తిరిగి వచ్చేసరికి కాగితంపూల తీగ పూత మానేసి ఆకులు వేసింది. ఆ సంగతి ఎవరూ పైకి రాయలేదు. తేనెపిట్ట ఎప్పుడొచ్చిందో తెలియదు, ఒకరోజు చూస్తే నూరువరహాల మీద ఉంది.

ఆఫీసు తాళాలు ఉండే అటెండరుది పక్క పల్లె. మొదటి బస్సు వచ్చేదాకా అతను రాలేడు. అందువల్ల, అందరికన్నా ముందే వచ్చే దివాకరం గారు రోజూ ఆ ముందు వేళంతా పార్కులోనే, పారిజాతాల ఎదురు బెంచీ మీద కూర్చుని ఫైళ్ళు చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. అసలు బస్సు కోసమేనా ఆయన అక్కడ కూర్చునేది అని మాలో కొందరికి సందేహం. బస్సు వచ్చి వెళ్ళాక కూడా ఆయన లేవడం లేదు.

మొన్న మేము రెండో చుట్టు తిరుగుతూండగా బుల్లెమ్మ ఊడ్చుకుంటూ ఆ బెంచీ దగ్గరికి వచ్చింది.

"కాళ్ళు పైకెత్తండి బాబూ, ఊడవాలి."

దివాకరం గారు ఒడిలో ఫైలుతో కాళ్ళు రెండూ పైకెత్తారు. బుల్లెమ్మ కిందంతా శుభ్రంగా ఊడ్చి, పూలు ఒక పక్కకు, ఆకులు ఒక పక్కకు చేసి, దించమని చెప్పడం మరిచిపోయి తర్వాతి బెంచీకి వెళ్ళిపోయింది. మేము మూడో చుట్టు తిరిగి వచ్చేసరికి కూడా ఉత్తర్వు రాకపోవడంతో, ఆయన కాళ్ళు అలాగే గాల్లో ఉంచి మిగతా ఫైళ్ళ మీద సంతకాలు చేస్తున్నారు.